మంచులో మునిగిన పాత రోడ్డు: రెండు చిన్న బండ్ల మీద ప్రొద్దుటూరు నుంచి పులివెందులకు

నా బండి నాకంటే తొమ్మిదేళ్ళు చిన్నది. నూరు సీసీ కూడా నిండని రెండు స్ట్రోకుల ఇంజను, గుండ్రటి హెడ్‌లైటు, రేకు మడ్‌గార్డులు, నడిపేవాడి వెనక ఇంకొకరికి సరిపోయే సీటు. ప్రొద్దుటూరులో ఒక బట్టల వ్యాపారి గోదాములో గోతాల కింద పడి ఉంటే రెండేళ్ళ కిందట తెచ్చుకున్నాను. దానికి ప్రాణం పోసింది మస్తాన్. ఆయన పదకొండేళ్ళు కువైట్‌లో గ్యారేజీ పని చేసి వచ్చి, ఇప్పుడు మా ఊళ్ళో రేకుల షెడ్డు వేసుకుని బండ్లు బాగుచేస్తున్నాడు. ఆయనకూ అలాంటి బండే ఉంది, రంగు మాత్రం వేరు. నేను బళ్ళో ఫిజిక్స్ చెబుతాను. బండిని ఇంటికీ బడికీ తిప్పుకుంటూ సంతోషంగానే ఉన్నాను గానీ, ఒకరోజు మస్తాన్ ఊరుకోలేదు. "ఊళ్ళోనే తిప్పితే ఏమొస్తాది సార్? ఒక దినం దూరం తోలుకోని పోదాం. ఊపిరి పీల్చుకుంటాది" అన్నాడు. పులివెందుల దగ్గర ఒక చీనీ (బత్తాయి) తోటలో పాత బండ్లవాళ్ళు ఏడెనిమిది మంది ఆదివారం కలుస్తున్నారని తెలిసింది. అలా బయల్దేరాం. చర్చిలో ఆదివారం ఆరాధన మానేసి పోతున్నందుకు మా ఆవిడ వాకిట్లో నిలబడి నన్ను చూసిన చూపు మాత్రం ఇక్కడ రాయను.

డిసెంబరు రెండో వారం, ఉదయం ఐదున్నర. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగుకు ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. మామూలు బండ్లకు అరగంట, మాకు దాదాపు గంట. నలభై దాటితే ఈ బండ్లు చేతుల్లో జలదరిస్తాయి. దాటించాల్సిన అవసరమూ రాదు. ఈ వేగంలో శనగ చేల మీది పులుపు వాసన ముక్కుకు తగులుతుంది, కల్లంలో మనుషులు మాట్లాడుకునే మాట చెవిన పడుతుంది. రైల్వే గేటు దగ్గర ఆగితే పక్కన లారీ డ్రైవరు కిందికి వంగి, "ఏంది సామీ, ఇది ఇంకా నడుస్తాందా?" అని పలకరిస్తాడు. పెద్ద బండి మీద పోయేవాణ్ణి జనం చూస్తారు. చిన్న పాత బండి మీద పోయేవాడితో మాట్లాడతారు. ఇలా తిరగాలనుకునేవాళ్ళు ఒక్కటి గుర్తుంచుకోవాలి: పెట్రోలులో నూనె కలిపి పోయాలి, ఆ నూనె అన్ని బంకుల్లోనూ దొరకదు. మేం చెరొక సీసా సీటు కింద కట్టుకున్నాం. రానూపోనూ పెట్రోలు, నూనె కలిపి మనిషికి ఐదారు వందలు దాటలేదు.

జమ్మలమడుగులో బస్టాండుకు కాస్త అవతల, ఒకామె తోపుడుబండి మీద ఎర్రకారం పూసిన దోసెలు పోస్తోంది. రెండేసి తిన్నాం. ముద్దనూరు మీదుగా పెద్ద రోడ్డు పడితే లారీలు మా చిన్న బండ్లను గాలితోనే పక్కకు నెట్టేస్తాయి, రిజర్వాయరు వెంబడి పాత రోడ్డు ఉందట కదా అని అడిగాను. ఆమె పెనం మీద నీళ్ళు చల్లి, అది చుయ్యిమని ఆరేదాకా ఆగి చెప్పింది. "ఉండాది సార్. నీళ్ళు తగ్గినాయి, కొంచెం తేలింది. మంచు పోయినాక పోండి. ఇప్పుడు పోతే ఏది దావో ఏది నీళ్ళో తెలీదు." టైము ఏడు కూడా కాలేదు. పదకొండుకల్లా పులివెందుల చేరాలి. నిదానంగా పోదాంలే అనుకున్నాం.

ఊరు దాటి చాలాసేపు బాగానే ఉంది. పెద్ద రోడ్డు వదిలి పాత రోడ్డులోకి తిరిగాక పొలాలు ఆగిపోయాయి. రెండు పక్కలా సర్కారు తుమ్మ, మధ్యమధ్య కూలిన గోడలు. రిజర్వాయరు కోసం ఖాళీ చేసిన ఊరు అది. ఊరి పేరు రాయవద్దని, ఆ రోజే తర్వాత మేం కలిసిన ఒక ఇంటివాళ్ళు కోరారు కాబట్టి రాయడం లేదు. మంచు నేల మీద నుంచి లేస్తున్నట్టు ఉంది. నా హెడ్‌లైటు వెలుతురు పది అడుగుల అవతల గోడకు తగిలినట్టు ఆగిపోతోంది. పక్షులు కూడా అరవడం లేదు. మా రెండు ఇంజన్ల చప్పుడు ఎటో పోయి, కాస్త ఆలస్యంగా తిరిగి వస్తోంది. మూడో బండి ఏదో పక్కనే వస్తోందేమోనని నేను రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాను. వెనక మస్తాన్ ఒక్కడే, మసక పసుపు చుక్కలాగా.

రోడ్డు వారన ఆయన నిలబడి ఉన్నాడు. డెబ్భై ఐదు దాటిన మనిషి. తెల్ల పంచె, భుజాన తువ్వాలు, ఒట్టి కాళ్ళు. చేయి ఎత్తలేదు, పిలవలేదు. నేను ఆపాను. దగ్గరికి వచ్చి హ్యాండిల్ మీద చేయి వేసి నవ్వాడు.

"వస్తావని తెలుసులేప్పా."

"యాడికి పోవల్ల పెద్దాయనా?" అని అడిగాను.

"ఇంటికి. ఈడనే. దావ నేను చెప్తాలే."

నేను ఇంకేమీ అడగకముందే కాలెత్తి వెనక ఎక్కి కూర్చున్నాడు. చలికి నా చేతులు కొంకర్లు పోతున్నాయి, ఆయన చేయి మాత్రం నా భుజం మీద వెచ్చగానే ఉంది. బరువు తెలియలేదు. కదిలాం. "ముందర గుంత ఉండాది, కుడికి తీసుకో" అన్నాడు. ఏమీ కనిపించడం లేదు, అయినా తిప్పాను. ఎడమ పక్కన గుంత, చక్రం మునిగేంత లోతుది, జారిపోయింది. "ఇప్పుడు తిన్నగా పో. ఈడ మలుపు." మలుపు వచ్చింది. "ఇది కోమట్ల అంగడి." ఒక అరుగు, దాని మీద ఇల్లు లేదు. ఆయన చెప్పినవన్నీ చెప్పినచోటే ఉన్నాయి. దాంతో నేను రోడ్డును చూడడం మానేసి ఆయన గొంతు వెంట నడుపుతూ పోయాను. ఇది ఇప్పుడు తలుచుకుంటే నాకే భయమేస్తుంది.

ముందు చక్రం కింద నీళ్ళు చిమ్మాయి. వాన గుంట అనుకున్నాను. తర్వాత చెప్పుల్లోకి చల్లదనం పాకింది. సైలెన్సర్ గొంతు మారి గుడగుడమంది. వెనక నుంచి మస్తాన్ హారన్ మీద చేయి తీయకుండా అరుస్తున్నాడు. "సార్! నిలుపు! నీళ్ళు సార్, నీళ్ళు!" నా చెవి దగ్గర పెద్దాయన మాత్రం మెల్లగా, బిడ్డను బుజ్జగించినట్టు అన్నాడు. "ఏం కాదు, పో. ఇల్లు వచ్చింది."

ఇంజను ఆగిపోయింది. మోకాళ్ళ దాకా నీళ్ళలో, కాళ్ళు రెండూ కింద పెట్టి బండిని పట్టుకున్నాను. పాదాల కింద తారు తగులుతోంది. కాసేపటికి మంచు ఒక పక్క పలచబడింది. ఎదురుగా ఇల్లు లేదు, రోడ్డు లేదు. నీళ్ళు. వాటిలోంచి లేచిన కరెంటు స్తంభాలు, ఎండిన వేపచెట్ల కొమ్మలు, ఒక నీళ్ళ ట్యాంకు తల. మస్తాన్ పరిగెత్తి వచ్చి పెద్దాయనను ఎత్తుకుని గట్టున కూర్చోబెట్టాడు. తర్వాత ఇద్దరం బండిని వెనక్కి లాగాం. తొంభై చిల్లర కిలోల బండి కాబట్టి వచ్చింది. పెద్ద బండి అయితే అక్కడే ఇరుక్కుపోయేవాళ్ళం.

గట్టు మీద బురదలో మస్తాన్ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నా టైరు జాడ పక్కన మరొకటి ఉంది. సన్నటి టైరు, నిలువు గీతల ముద్ర, అంచులు ఇంకా తడిగా. "ఇది మన బండ్లది కాదు సార్" అన్నాడు. ఆ జాడ తిన్నగా నీళ్ళలోకి పోయింది. తిరిగి వచ్చిన గుర్తు ఎక్కడా లేదు. గట్టు వెంబడి రెండు వైపులా చాలా దూరం నడిచి చూశాం.

నేను పెద్దాయన దగ్గర కూర్చుని, ఇక్కడికి ఎలా వచ్చావని అడిగాను.

"బండి మీంద. ఇట్లాంటిదే. నన్ను రోడ్డు కాడ దింపినాడు. ఇంగో బండి వస్తాది, దాంట్లో రా నాయనా అని చెప్పి ముందర పోయినాడు."

"యాడికి పోయినాడు?"

ఆయన నీళ్ళ వైపు చూపించాడు.

ఎవరో మనిషి బండితో సహా మునిగిపోయాడనుకున్నాం. పోలీసులకు ఫోను చేశాం. ఎవరూ తప్పిపోయినట్టు కబురు లేదని, వస్తామని చెప్పారు. ఈలోగా చేపలు పట్టే ఒకతను పుట్టి తోసుకుంటూ వచ్చాడు. పొడవాటి వెదురుతో ఆ రోడ్డు పొడుగునా అరగంట గుచ్చి చూశాడు. కొంత దూరం తారు, అక్కడి నుంచి తెగిన కల్వర్టు, ఆ తర్వాత గడ అందని లోతు. నేను ఆగిన చోటుకూ ఆ తెగిన చోటుకూ మధ్య పన్నెండు అడుగులు ఉంటుందేమో. "నేను తెల్లారుజామున్నుంచి ఈడనే వల కాడ ఉండా సార్" అన్నాడతను. "మీ బండ్ల సప్పుడు తప్ప ఇంగేదీ వినపల్యా." పోలీసు ఒకాయన వచ్చి జాడను ఫోటో తీసుకుని, మా నంబర్లు రాసుకుని, పెద్దాయనను గుర్తుపట్టాడు. ఓబయ్య, ఆ ఊరు ఖాళీ చేసినవాళ్ళకు ఏడు కిలోమీటర్ల అవతల కట్టిన కాలనీలో ఉంటాడు.

మస్తాన్ ప్లగ్గు విప్పి తుడిచాడు, కార్బొరేటర్‌లోని నీళ్ళు వంపాడు, పదిహేనో కిక్కుకు నా ఇంజను దగ్గి లేచింది. ఈ బండ్లలో దాచిపెట్టినదంటూ ఏమీ ఉండదు, ఒక స్పానరు చాలు. ఓబయ్యను మస్తాన్ వెనక కూర్చోబెట్టి కాలనీకి పోయాం. వీధి మొదట్లోనే ఆయన కోడలు రమణమ్మ ఎదురుగా పరిగెత్తుకొచ్చింది. నలభై దాటిన మనిషి, కళ్ళు వాచిపోయి ఉన్నాయి. "పొద్దన్నుంచి ఎతుకుతాండాం సార్. యాడ దొరికినాడు మా మామ?" అంది. ఓబయ్య దిగబోయి దిగలేకపోయాడు. కాళ్ళు గుడ్డల్లా వేలాడుతున్నాయి. ఇద్దరం ఎత్తుకుపోయి మంచం మీద పడుకోబెట్టాం.

"రెండేండ్లైంది సార్, మా మామకు కాళ్ళు ఆడక" అంది రమణమ్మ. "వాకిలి దాకా రావల్లన్నా నేను పట్టుకోవల్ల. అంత దూరం ఎట్ల పోయినాడు?"

ఆయన కాలెత్తి నా బండి ఎక్కిన సంగతి ఆమెకు ఎలా చెప్పాలో తెలియలేదు. ఆయన చెప్పిన మాట మాత్రం చెప్పాను, ఇట్లాంటి బండి మీద ఎవరో తీసుకుపోయి దింపారని. ఆమె టీ పోస్తున్నది ఆగిపోయింది. వాకిట్లో ఉన్న మా బండ్ల వైపు చాలాసేపు చూసింది.

"మా ఇంట్లో ఉండె సార్ ఇట్లాంటిది. మా ఆయనది. ఆయన జబ్బు చేసి పోయినాడు. మర్సటేడు ఊళ్ళోకి నీళ్ళొచ్చినాయి. సామాన్లు ఎత్తుకొనేదానికే టైము సాలలేదు. బండి ఆ ఇంట్లోనే ఉండిపాయ."

మస్తాన్ నోట్లో ఏదో ప్రార్థన గొణుక్కున్నాడు. నేను ప్రతిధ్వని గురించి, మతిమరుపు గురించి, ఎవరో ఆకతాయి గురించి ఏదో చెప్పబోయాను. ఆమె వినలేదు. లోపలికి పోయి మంచం పక్కన కింద కూర్చుని, ఓబయ్య చేయి పట్టుకుని, మేం ఉన్నామన్న సంగతే మరిచిపోయినట్టు అడిగింది.

"ఎట్లుండాడు మామా?"

"బాగుండాడు" అన్నాడు ఓబయ్య. "సన్నపడినాడు, అంతే."

ఆమె తల ఊపింది. ఏడవలేదు. ఆ ముఖంలో ఉన్నది భయం కాదని ఖచ్చితంగా చెప్పగలను.

ముద్దనూరు మీదుగా పెద్ద రోడ్డులోనే పులివెందులకు పోయాం. లారీలు గాలితో పక్కకు నెట్టినా ఫరవాలేదనిపించింది. మిట్టమధ్యాహ్నం చేరేసరికి చీనీ తోటలో అందరూ భోజనాలకు కూర్చున్నారు, సంగటి, చెనిక్కాయల చట్నీ. వాళ్ళు బండ్ల మైలేజీల గురించి మాట్లాడుకుంటుంటే మస్తాన్ నా పక్కన కూర్చుని ఒక్క ముద్ద కూడా సరిగ్గా తినలేదు. "గట్టెంబడి తోలి యాడో పైకెక్కి ఉంటాడు సార్, ఎవుడో" అన్నాడు చివరికి. ఔనన్నాను. గట్టు అంతా కలిసే నడిచామని ఇద్దరికీ తెలుసు. నెల దాటింది, ఎవరూ తప్పిపోలేదు, నీళ్ళలో ఏమీ తేలలేదు. రమణమ్మ ఒకసారి ఫోను చేసింది. మామ మళ్ళీ లేవలేదని, అన్నం మాత్రం బాగా తింటున్నాడని చెప్పింది.

చిన్న పాత బండి మీద తిరగడంలోని సంతోషం గురించి రాయాలని మొదలుపెట్టాను, అది ఇప్పటికీ నిజమే. ఆ వేగంలో పోతే ఊళ్ళు మనల్ని లోపలికి రానిస్తాయి. మనుషులు నమ్మి వెనక ఎక్కుతారు. ఆ రోజు ఉన్న ఊళ్ళు, లేని ఊళ్ళు అన్న తేడా కూడా లేకపోయింది. నాకు తెలిసిన ఫిజిక్స్‌తో ఆ టైరు జాడను ఇంకా విప్పలేకపోతున్నాను. విప్పాలన్న తొందర కూడా తగ్గింది. ఆ దారిన పోయేవాళ్ళకు ఒకే ఒక్క మాట: పాత రోడ్డు రిజర్వాయరు వైపు వాలుతున్నట్టు అనిపించగానే ఇంజను ఆపి, బండి దిగి, ముందు మీరు నడిచి చూడండి. వెనక కూర్చున్న మనిషి ఎంత బాగా దారి చెబుతున్నా సరే.