మా అమ్మానాన్నల మీద నేను తీసిన సినిమా

మా అమ్మా నాన్నా తొమ్మిదేళ్లు మాట్లాడుకోలేదు. కారణం వింటే నవ్వొస్తుంది. మావయ్య పెళ్లి మర్నాటి విందులో నాన్న పంక్తిలో కూర్చుని, ఆడపెళ్లివారి చేపల పులుసు మా అమ్మ పెట్టేదానికన్నా బాగుందని నోరు జారాడు. అంతే! ఆ రోజునుంచి ఏ కబురైనా నా ద్వారానే.

"మీ నాన్నకి సెప్పు, గేసైపోనాది."

"మీ అమ్మకి సెప్పు, రేపు నాకు మార్నింగ్ డూటీ."

ఇద్దరూ ఉండేది ఒకే గదిలో! నేను ఇంట్లో లేకపోతే ప్రెషర్ కుక్కర్‌తో చెప్పుకునేవారు. పాపం, అది ఈలలు వేసి ఊరుకునేది.

ఈ సంబడం చూసి చూసి, దీన్నే సినిమా తీసెయ్యాలనుకున్నాను. హిందీవాళ్ల ఊరు బాగ్‌బేరాలో మా రైల్వే క్వార్టరే సెట్టు, నా ఫోనే కెమెరా. అమ్మ వేషం అమ్మే వేసింది. అంత అందంగా తిట్టే నటి నాకు ఇంకెక్కడ దొరుకుతుంది? నాన్న ససేమిరా అనడంతో ఆ వేషం మావయ్యకిచ్చాను. బావగారి మీద ఉన్న కసినంతా మావయ్య అందులో తీర్చేసుకున్నాడు.

చిక్కల్లా ఆఖరి సీనుతో వచ్చింది. భార్య పెట్టె సర్దుకుని గుమ్మం దాకా వెళ్లి ఆగిపోతుందని రాశాను నేను. అమ్మ ఆగలేదు. గుమ్మం దాటి, సందు దాటి, స్టేషన్ రోడ్డెక్కేసింది. చీకటి పడ్డాక తిరిగొచ్చింది గానీ, అది నటనో నిజమో అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఈ సినిమా మా ఇంటిని కూల్చేస్తుందేమోనని భయంగానే ఉంది, అయినా ఆ సీను కత్తిరించలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం మా ఊరి తెలుగువాళ్ల సంఘం హాల్లో తెల్ల దుప్పటి కట్టి సినిమా వేశాం. అమ్మ ముందు చాప మీద కూర్చుంది. నాన్న వచ్చి తలుపు పక్కన నిలబడ్డాడు.

పది నిమిషాలు గడిచాయో లేదో, తెర మీద మావయ్య హాలంతా వినబడేలా టీ జుర్రాడు. నాన్నకి ఒళ్లు మండిపోయింది.

"నాను అలగ తాగుతానేటి?"

"అలగే తాగుతావు!" అంది హాలంతా.

నాన్న తిన్నగా అమ్మ వైపు తిరిగాడు. "ఏటే, నువ్వు సెప్పు! అలగ తాగుతానా?"

అందరి తలలూ ఠక్కున అమ్మ వైపు తిరిగాయి. మా ఇంటి కథ తెలియనివాళ్లు అక్కడెవరున్నారు గనక! అమ్మ తల కూడా తిప్పలేదు.

"అంతకన్నా పెద్దగానే."

హాలు పేలిపోయింది. వెనకనుంచి "వాహ్ చాచీ!" అని, భలే పిన్నీ అన్నట్టు, కుర్రాళ్ల ఈలలు. నాకు నవ్వాగక పొలమారింది. ఇక వాళ్లిద్దరినీ ఎవరాపగలరు? సీను సీనుకీ తగువే. ఆ దెబ్బలాట దసరాకి కాదు, కాళీపూజకని ఈయన, నీకేటి గుర్తుంటాదని ఆవిడ. నా డైలాగులు ఒక్కరూ వినలేదు. నాకంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

ఇంతలో ఆఖరి సీను వచ్చింది. అమ్మ పెట్టె పట్టుకుని గుమ్మం దాటింది. నాన్న గొంతు తగ్గిపోయింది.

"ఇదేటి, ఎక్కడికెల్తన్నావు?"

"మాయమ్మగారింటికి."

"ఎందుకు?"

"ఎందుకని తొమ్మిదేళ్లలో ఒక్కపాలి అడిగినావా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు.

"ఇప్పుడడుగుతన్నాను గదా," అన్నాడు నాన్న, తెరకేసే చూస్తూ.

అమ్మ చాప మీద కాస్త పక్కకి జరిగింది. నాన్న వెళ్లి కూర్చున్నాడు.