కోడలి చెయ్యి

హెప్సిబా తండ్రి జీవరత్నం మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో రాయి కోసేవాడు. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని యాభై రెండేళ్లకే పోయాడు. పోయేముందు మూడుసార్లు ఒంగోలు తీసుకువెళ్లారు. మూడుసార్లూ డాక్టరు చూసింది నాలుగేసి నిమిషాలు. బస్సులో రానూ పోనూ ఆరు గంటలు.

అప్పుడు ఆమె ఇంటర్మీడియట్ చదువుతోంది. మనిషి డాక్టరు దాకా పోలేకపోతే డాక్టరు మాటే మనిషి దాకా రావాలి అనుకుంది. తరువాత చదివినదంతా ఆ ఒక్క మాట కోసమే.

ఇప్పుడామెకు నలభై ఏళ్లు. ఒక వైద్య కళాశాలలో ప్రజారోగ్యం బోధిస్తుంది. పద్నాలుగు పరిశోధన పత్రాలు అచ్చయ్యాయి. పదమూడింటిని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. మిగిలిన ఒక్కదాన్ని మాత్రం ఇతర పరిశోధకులు తమ పత్రాల్లో నూట నలభై మూడు సార్లు ఉదహరించారు. పొద్దున లేవగానే ఫోనులో ఆ అంకె చూసుకోవడం ఆమెకు అలవాటు.

ఆ పత్రం పెద్దారవీడు వైపు ఆరు ఊళ్లలో రక్తపోటు ఉన్న రెండువందల పద్నాలుగు మంది గురించి. నెలకోసారి మనిషి ఊళ్లోని ఆరోగ్య కేంద్రానికి రావాలి. అక్కడి నర్సు చేతికి పట్టీ కట్టి బీపీ చూస్తుంది. ఆ అంకె ట్యాబ్‌లోంచి పట్నంలో ఉన్న డాక్టరుకు చేరుతుంది. అది చూసి ఏ మాత్ర, ఎంత అన్నది ఆయన చెబుతాడు. ట్యాబ్‌లో అంకె నమోదు కాకపోతే ఆ నెల మాత్రలు లేవు. జనం తప్పకుండా రావాలని ఆ నియమం పెట్టింది హెప్సిబానే. ఏడాది తిరిగేసరికి నూటికి డెబ్బై ఒక్కమందికి బీపీ అదుపులోకి వచ్చింది. పత్రం చెప్పింది అదే.

ఆ పద్ధతి ఊళ్లలో అలాగే సాగింది. మూడేళ్ల తరువాత, మార్చిలో, ఆ మనుషులు ఎలా ఉన్నారో చూసి రెండో పత్రం రాద్దామని బయలుదేరింది. పై ఉద్యోగానికి ఇంటర్వ్యూ నెలాఖరున ఉంది. ఆ ఉద్యోగం మొదటి పత్రాన్ని చూసే ఇస్తారని అందరికీ తెలుసు.

మొదటి ఇల్లు గురమ్మది. జాబితాలో ఆమె బీపీ ప్రతి నెలా నూట ఇరవైకి కాస్త అటూ ఇటూ. మొదటి నుంచీ ఒకటే మాత్ర. జాబితా మొత్తంలో ఇంత నిలకడైన మనిషి లేదు.

గురమ్మ వసారాలో మంచం మీద ఉంది. మూతి ఒకవైపు జారింది. కుడిచెయ్యి ఒళ్లో పడి ఉంది. ఆ ఊరి బోరు నీళ్లలోని ఫ్లోరైడుకు మోకాళ్లు ఏనాడో బిగుసుకుపోయాయి.

"ఎప్పుడు వచ్చింది పక్షవాతం?" హెప్సిబా అడిగింది.

కోడలు రజిని నీళ్లచెంబు అందిస్తూ చెప్పింది. "దసరా అయినాక మేడం. పొద్దున లెయ్యబోయి పడిపోయినాది."

హెప్సిబా జాబితా మళ్లీ చూసింది. అక్టోబరు, నూట ఇరవై. నవంబరు, నూట పద్దెనిమిది.

"నవంబరులో కూడా కేంద్రానికి వచ్చిందే."

"అత్తమ్మ యాడొస్తాది మేడం? మోకాళ్లు మడవలేదు ఆమె. నేనే పోతా నెలనెలా."

"నువ్వెళితే బీపీ ఎవరిది చూశారు?"

"నాదే." రజిని ఎడమచెయ్యి చూపించింది. "చెయ్యి ఎవురిదైతే ఏంది మేడం, మాత్రలు మింగేది ఆమే కదా."

మంచం మీది నుంచి గురమ్మ ముద్దముద్దగా అంది. "నా కోడలికి జబ్బేం లేదంట పాపా. నెలనెలా చూపిచ్చుకుంటాది."

రజిని నవ్వింది. హెప్సిబా తెచ్చుకున్న పట్టీ గురమ్మ ఎడమచేతికి కట్టింది. రెండువందల నాలుగు. మళ్లీ కట్టింది. రెండువందల రెండు.

నూట ఇరవై చూసిన డాక్టరు మాత్ర ఎందుకు పెంచుతాడు?

ఆరోగ్య కేంద్రంలో నర్సు సరళ పన్నెండేళ్లుగా ఉంది. తలుపు దగ్గర హెప్సిబా ముఖం చూడగానే కుర్చీ లాగింది.

"గురమ్మ ఇంటికి పోయినావా హెప్సిబమ్మా?"

"సరళక్కా, నీకు తెలిసే జరిగిందా?"

"తెలవకేం? నా చేత్తోనే కట్టినా." సరళ గొంతు పెంచలేదు. "నడవలేనోళ్లు ఉండారు. పత్తి చేలల్లో ఉన్నోళ్లు ఉండారు. అంకె లేకుంటే మాత్ర ఇయ్యొద్దన్నావు. మాత్ర లేకుంటే పెద్దోళ్లు చస్తారు. ఇంట్లోంచి ఎవురొస్తే వాళ్లకు కట్టినా."

"ఒక్కమాట నాకు చెప్పాల్సింది కదా."

"నువ్వెప్పుడు అడిగినావు? ఎంతమంది వచ్చినారు అనే అడిగితివి. ఎవురొచ్చినారు అని అడగలేదు."

హెప్సిబా పది రోజులు ఆరు ఊళ్లూ తిరిగింది. ప్రతి ఇంట్లో ఒకటే ప్రశ్న: చెయ్యి ఎవరిది? ఎవరూ దాచలేదు. దాచాల్సిన విషయమని వాళ్లకు తోచనే లేదు. కోడళ్లవి, మనవళ్లవి, ఒకచోట పక్కింటామెది. అన్నీ కలిపి అరవై ఒక్క చేతులు. వాటిని తీసేస్తే డెబ్బై ఒకటి నిలవలేదు.

పత్రంలో రెండో పేరు బాలసుబ్రహ్మణ్యం గారిది. గిద్దలూరు మనిషి, ఆమెకు పరిశోధన నేర్పినవాడు. ఆయన జాబితా అంతా చదివి కళ్లజోడు తీశాడు.

"ఏం చెయ్యాలనుకుంటున్నావు?"

"పత్రం వెనక్కి తీసుకుంటానని, దాన్ని వేసిన పత్రికకు రాస్తాను సార్."

"ఇంటర్వ్యూ ఇంకా ఎన్నాళ్లు?"

"తొమ్మిది రోజులు."

"తొమ్మిది రోజులు ఆగమ్మా. అయినాక రాయి. అబద్ధం చెప్పమనడం లేదు కదా నేను."

ఆ మాటలో తప్పు పట్టడం కష్టం. తొమ్మిది రోజుల్లో ఎవరికీ ఏమీ కాకపోవచ్చు. కానీ ఆరు ఊళ్లలో ఈ నెల మాత్రలు ఇచ్చే రోజు సోమవారం. అరవై ఒక్కమందికి మళ్లీ పాత మాత్రే పోతుంది. డాక్టరుకు చెప్పాలంటే కారణం చెప్పాలి. కారణం చెప్పాక పత్రం ఉండదు.

ఆ సాయంత్రమే డాక్టరుకు ఒక ఉత్తరం, పత్రికకు ఒకటి పంపింది. నియమం మార్చింది. రాలేనివాళ్ల ఇంటికే సరళ వెళుతుంది, ఆ నెల అంకె లేకపోయినా మాత్ర ఆగదు. ఇంటర్వ్యూ జాబితాలోంచి ఆమె పేరు వారంలోనే పోయింది.

జూన్‌లో పత్రిక ఆ పత్రం మీద 'ఉపసంహరించబడింది' అని ఎర్ర అక్షరాలు వేసింది. ఆగస్టులో ఒక పొద్దున, అలవాటు పోక, హెప్సిబా ఫోను చూసింది. నూట యాభై ఒకటి. ఎర్ర అక్షరాలు చూడకుండానే ఇంకా ఉదహరిస్తున్నారు. ఒక విదేశీ పరిశోధకుడైతే తమ దేశంలోనూ అంకె నమోదైతేనే మాత్ర ఇస్తున్నామని రాశాడు. ఆమె అతనికి ఉత్తరం రాసింది. జవాబు రాలేదు. రెండోది రాసింది.

ఆ ఆదివారం గురమ్మ ఇంటికి వెళ్లింది. సంచిలోంచి పట్టీ తీయగానే రజిని అలవాటుగా గాజులు వెనక్కి తోసి, చెయ్యి చాపి కూర్చుంది.

"నీది కాదమ్మా."

రజిని నాలుక కరుచుకుని లేచింది. హెప్సిబా గురమ్మ ఎడమచేతికి పట్టీ కట్టింది. నూట డెబ్బై ఎనిమిది. పుస్తకంలో రాసుకుంది.

"ఎంతొచ్చినాది పాపా?" గురమ్మ అడిగింది.

చెప్పింది.

గురమ్మ కోడలి చేతి వంక చూసింది. "దానికైతే మంచిగొచ్చేది" అంది.