ముక్కెత్తే విమానం

బుంగోమా పట్టణపు తపాలా కార్యాలయంలో పనిచేసి పదవీ విరమణ పొందిన మకోఖా, ఆదివారం ప్రార్థన నుండి రాగానే టై సవరించుకొని కంప్యూటరులోని విమానం ఆట ముందు పైలట్టుగా ఆసీనుడౌతాడు. విమానం నడిపే పిడిగా కొత్త జాయ్‌స్టిక్కు కొన్ననాటి నుండి తెరమీది విమానం నేల విడిచిన మరుక్షణమే గర్విష్ఠివలె ముక్కు పైకెత్తి, ఆ గర్వఫలంగానే కూలిపోతోంది. "ఈవేళ కిసుము విమానాశ్రయంలో దిగకపోతే ఆ బల్లమీదికి నా కుట్టుమిషనొస్తుంది, బరాసా నాన్నా!" అని భార్య నఫూలా కొడుకు పేరుతో పిలుస్తూ తేల్చిచెప్పింది. ఆయన విమానంలోని బరువుల లెక్క సరిచూశాడు; పిడి మీంచి చేయి తీసి చూశాడు. ముక్కు లేస్తూనే ఉంది.

"నేను కాదే, ఇంకెవరో లాగుతున్నారు!"

"దయ్యమేమో, పాస్టరుగారిని పిలవనా?"

విమానం మళ్లీ కూలింది. మకోఖా బల్ల కిందికి వంగి తీగలను వేళ్లతో తడుముకుంటూ పోగా, ఒక తీగ టీవీ పక్కకు దారితీసింది. ఇంట్లోని సమస్త వస్తువులకు వలెనే, ఊడదీయడం మరచిన ఆ పాత జాయ్‌స్టిక్కుకూ నఫూలా తానల్లిన తెల్లని లేసుగుడ్డ కప్పింది. దానికి ఆనించిన పూలకూజా ఆ పిడిని విమానం ముక్కు లేచేలా వెనక్కి వంచుతోంది.

"నీ కూజాయేనే నాతో కలిసి నడుపుతున్నది!"

"మరి బోసిగా వదిలేస్తే చుట్టాలేమనుకుంటారు?"

పాతదానిని ఊడదీశాక విమానం వినయంగా సాగి, సరస్సు ఒడ్డునున్న కిసుములో మెత్తగా దిగింది. నఫూలా చప్పట్లు చరిచింది. "బల్ల మీరే ఉంచుకోండి. వచ్చే వారం మా అక్కొస్తుంది, మీ విమానంలో కిటికీ పక్క సీటని మాటిచ్చేశాను."