చిన్నమ్మ నేర్పిన మొదటి మాట

పోయిన గురువారం పొద్దున ఎనిమిది దాటాక మా పక్కింటి చిన్నమ్మ నాకు వాట్సాప్‌లో ఒక ఫొటో పంపింది. బట్టలు ఆరేసే తీగ. కింద ఒకే మాట: సంపాయన్. వాళ్ళ భాషలో ఆ రోజు నేను నేర్చుకోవాల్సిన మాట అది. తొమ్మిదిన్నరకు మా అమ్మ వచ్చి చిన్నమ్మ చనిపోయిందని చెప్పింది. నేను ఆ మెసేజ్‌కు జవాబు కూడా పెట్టలేదు. పరుగెత్తుకుంటూ వాళ్ళింటికి వెళ్ళేసరికి తీగ మీది దుప్పటి అంచు నుంచి ఇంకా చుక్కలు పడుతున్నాయి.

గుండె ఆగిందన్నారు. దవాఖానకు తీసుకుపోతుంటే ఆటోలోనే పోయిందట. నలభై నాలుగేళ్ళ మనిషి. ఆమె జలుబుతో పడుకోగా కూడా నేను చూడలేదు.

వాళ్ళ అత్తను మేమంతా బాపమ్మ అంటాం. వాకిట్లో ఉడికించి ఆరబోసిన పసుపు కొమ్ముల మీద బట్టల నీళ్ళు పడుతున్నాయని బాపమ్మ లోపలి నుంచి కేకేసిందట. రెండుసార్లు కేకేసింది. జవాబు రాలేదు. బయటికొచ్చి చూస్తే కోడలు తీగ కింద పడి ఉంది. "ఆఖరికి తిట్టిన బిడ్డా" అని ఆ రోజంతా బాపమ్మ కనబడ్డ అందరికీ చెప్పింది.

ఆర్మూర్‌లో ఉన్నవాళ్ళు చిన్నమ్మను చూసే ఉంటారు. కూరగాయల మార్కెట్లో ఫిలిప్పీన్ కోడలు అంటే తెలియనివాళ్ళు లేరు. చిన్నాన్న దుబాయిలో ఒక హోటల్ లాండ్రీలో పనిచేసేటప్పుడు ఆమె అక్కడే ఇస్త్రీ చేసేది. పెళ్ళి చేసుకుని పదకొండేళ్ళ కింద ఇద్దరూ ఇక్కడికి వచ్చేశారు. నల్లపూసలతో పాటు చిన్న సిలువ కూడా మెడలో ఉండేది. తెలుగు నాకంటే బాగా మాట్లాడేది. బాగా అంటే, గట్టిగా.

"గీ సొరకాయకు గంత రేటా అన్నా? నా మొఖం చూసి ఫారిన్ రేటు చెప్తున్నవా?"

"నీకు ఫారిన్ రేటేంది వదినా. బేరంల నువ్వు మా అవ్వను మించినవ్."

నేను ఆమె వెనకాల సంచి పట్టుకుని నిలబడేదాన్ని. నేను కాన్వెంట్‌లో చదివాను. అక్కడ తల వంచుకుని మాట్లాడకుండా కూర్చునే పిల్లకు మంచి పేరు వస్తుంది. నాకు ఆ మంచి పేరు డిగ్రీ అయిపోయాక కూడా పోలేదు.

రెండేళ్ళ కింద, ఇలాంటి పసుపు రోజుల్లోనే, మా మెట్ల మీద పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. చిన్నమ్మ వాళ్ళ వాకిట్లో కొమ్ములు ఏరుతోంది. ఒకటి పైకెత్తి చూపించింది.

"గిది మీ భాషల పసుపు అని నేను ఎప్పుడో నేర్చుకున్న. మా భాషల ఏమంటరో గిన్నేండ్లల ఒక్కలన్న అడిగిన్రా?"

నాకు సిగ్గేసింది. "ఏమంటరు చిన్నమ్మా?" అన్నాను.

"లూయాంగ్ దిలావ్."

లూయా అంటే అల్లం, దిలావ్ అంటే పసుపు రంగు. పసుపు రంగు అల్లం. పుస్తకం చివరి పేజీలో తెలుగులో రాసుకున్నాను. ఆమె ఏరడం ఆపి వచ్చి ఆ పేజీలోకి తొంగి చూసింది. ఆ ఊళ్ళో ఆమె భాషలో ఒక మాట తెలిసిన రెండో మనిషిని అయ్యానని అప్పుడు నాకు తట్టలేదు. చిన్నాన్నకు ఆ భాష రాదు. వాళ్ళిద్దరూ దుబాయిలో హిందీలో మాట్లాడుకునేవారు, ఇక్కడ తెలుగులో.

అలా రోజుకో మాట. తిన్నావా అంటే కుమాయిన్ కా నా. థాంక్స్ అంటే సాలామత్. పెద్దవాళ్ళతో మాట్లాడితే ప్రతి మాటకీ పో అని తగిలించాలి, మన అండి లాగ. అవునండి అంటే ఓపో. కాదు అనడానికి హిందీ అంటారని చెప్పినప్పుడు ఇద్దరం నవ్వుకున్నాం. ఒకటో తరగతిలో దిద్దాక నాకు ఙ అక్షరంతో మళ్ళీ పని పడలేదు. వాళ్ళ భాషలో 'ఇప్పుడు' అనే మాటే దానితో మొదలవుతుంది. ఙాయోన్. నేను పలకలేకపోతే ముక్కు పట్టుకుని లాగేది.

నాకు జ్వరం వచ్చిన వారం సాకిత్ నేర్చుకున్నాను. జబ్బు, నొప్పి, రెండిటికీ అదే మాట. ఒక ఆదివారం ఆమె కోడికూరలో పుల్లటి సిర్కా పోసి, కార్జం ముక్కలు వేసి వండుతుంటే ఆతాయ్ నేర్చుకున్నాను. ఆతాయ్ అంటే కార్జం, లివర్. బాపమ్మ వాసన చూసి, "కోడిని గూడ తొక్కు పెడుతున్నవా?" అంది. "ముందు తిను అత్తా, తర్వాత తిట్టు" అంది చిన్నమ్మ. బాపమ్మ రెండుసార్లు పెట్టించుకుంది.

మా అమ్మ అడిగేది, "ఫిలిప్పీన్స్‌ల నౌకరి ఏమన్న చూసుకున్నవానే?" లేదనేదాన్ని. నోట్‌బుక్ మాత్రం నిండుతుండేది. చిన్నమ్మకు ఆ నోట్‌బుక్ అంటే కోపం. "రాసుడు బంద్ చెయ్. నోరు తెరువ్" అని లాక్కునేది.

సాయంత్రం ఐదింటికి చిన్నమ్మ వాళ్ళ అమ్మ వీడియో కాల్ చేసేది. మనీలా దాటి చాలా దూరం పోతే వచ్చే ఒక చిన్న ఊళ్ళో, పెరట్లో మొక్కలు పెట్టుకుని ఉంటుందామె. ఇంగ్లీషు రాదు. చిన్నమ్మ ఫోన్ నా మొఖానికి పట్టేది. నేను నవ్వి పక్కకు తప్పుకునేదాన్ని. ఆ ముసలావిడ నాకు తాహిమిక్ అని పేరు పెట్టింది. మాట్లాడని పిల్ల అని. బుధవారం కూడా తప్పుకున్నాను. "రేపు నువ్వే ఫస్ట్ మాట్లాడాలె. ఒక్క ముక్క చాలు. నా కోసం" అంది చిన్నమ్మ. రేపు పక్కా అన్నాను.

గురువారం మధ్యాహ్నం అయింది. వాకిట్లో పసుపు పక్కకు నూకి ఆమెను పడుకోబెట్టారు. బాపమ్మ తన చేత్తో కోడలికి స్నానం చేయించి, మొఖానికీ పాదాలకూ నిండుగా పసుపు రాసి బొట్టు పెట్టింది. "ముత్తైదువ. నా కోడల్ని వట్టి మొఖంతోని ఎట్ల తోలుత?" అంది. సిలువ మెడలోనే ఉంచింది.

దుబాయిలో ఉన్న చిన్నమ్మ తమ్ముడికి చిన్నాన్న ఇంగ్లీషులో చెప్పాడు. అతను తల్లికి చెప్పాడు. ఆమె బిడ్డ మొఖం చూస్తానంది. చిన్నాన్న ఫోన్ పట్టుకున్నాడు. నేను తలుపు వెనక, చెప్పుల దగ్గర నిలబడ్డాను.

మొదట ఏడుపు వినిపించింది. తర్వాత అది ఆగిపోయి ఒకే ప్రశ్న మొదలైంది. "బాకిత్ దిలావ్? బాకిత్ సియా దిలావ్?" ఎందుకు పసుపుగా ఉంది? నా బిడ్డ ఎందుకు పసుపుగా ఉంది?

చిన్నాన్నకు అర్థం కాలేదు. "సారీ మమ్మా, సారీ" అంటున్నాడు. ఆమె గొంతు పెంచింది. సాకిత్ అంది. ఆతాయ్ అంది. జబ్బు. కార్జం. అప్పుడు నాకు తెలిసింది. బిడ్డకు కామెర్లు ముదిరి పోయిందనీ, ఎవరూ పట్టించుకోలేదనీ, తనకు చెప్పకుండా దాచారనీ ఆమె అనుకుంటోంది. ఆ వాకిట్లో యాభై మంది ఉన్నారు. ఆమె ఏమంటోందో నేను కాక తెలిసిన ఒక్క మనిషి చనిపోయి పడుకుని ఉంది.

"ఏమంటున్నదే ఆమె?" బాపమ్మ నా వైపే చూసింది.

"కామెర్లు అనుకుంటున్నది బాపమ్మా."

"అయ్యో. జెప్పు బిడ్డా. జర జెప్పు."

ఎలా నడిచానో గుర్తులేదు. ఫోన్ నా చేతిలో ఉంది. నోట్‌బుక్ లేదు. "హిందీ పో" అన్నాను. "హిందీ పో సాకిత్." కాదండి. జబ్బు కాదండి. ఆ తర్వాత చెప్పాల్సిన వాక్యానికి నా దగ్గర మాటలు లేవు. అత్త ప్రేమతో రాసిందని ఎలా చెప్పాలో చిన్నమ్మ ఇంకా నేర్పలేదు. బాపమ్మ పక్కన పసుపు పళ్ళెం ఉంది. చేయి ముంచి, అంత మంది ముందు నా చెంపకు రాసుకుని ఫోన్‌కు చూపించాను. బాపమ్మ చెయ్యి పట్టుకుని ఆ పసుపు వేళ్ళు కూడా చూపించాను.

"లూయాంగ్ దిలావ్ పో" అన్నాను.

ఆమె నన్ను దగ్గరగా చూసింది. "తాహిమిక్?" అని అడిగింది.

"ఓపో."

తెర మీద నుంచి ఆమె పోయింది. రేకుల కప్పు మాత్రం కనబడింది. ఫోన్ పెట్టేసిందేమో అని చిన్నాన్న అన్నాడు. నేను కదల్లేదు. కాసేపటికి తిరిగొచ్చింది. చేతిలో మట్టి అంటిన దుంప, పెరట్లోంచి అప్పుడే పీకినట్టుంది. మా ముందు రెండుగా విరిచింది. లోపల మన పసుపే.

"ఇతో?" ఇదేనా అని.

"ఓపో" అన్నాను.

నేను ఫోన్‌ను మళ్ళీ చిన్నమ్మ మొఖం వైపు తిప్పి, పక్కనే కూర్చున్నాను. ఆ ముసలావిడ విరిగిన ముక్కను బొటనవేలితో రుద్దింది. ఆ వేలు మెల్లగా మా వైపు వచ్చింది, తన ఫోన్‌లో కనబడుతున్న బిడ్డ చెంపకు రాయడానికి. వేలు కెమెరాకు తగిలి తెరంతా ఒక్కసారి చీకటైంది. తీశాక కెమెరా మీద పసుపు మరక ఉండిపోయింది. ఆ తర్వాత మాకు ఆమె మొఖం కూడా పసుపుగానే కనబడింది.