తెనాలి పోటీల్లో నాకు తల్లిగా వేసిన ఖాసింబీ అక్క

నిన్న పొద్దున బాపట్ల బస్టాండులో టీ గ్లాసు చేతిలో ఉండగా ఫోన్ వచ్చింది. రేపల్లె నుంచి, ఖాసింబీ అక్క తమ్ముడు కరీముల్లా.

"అక్క పోయింది శ్రీనూ. తెల్లారుజామున. నిద్రలోనే."

టీ తాగడం ఆపలేదు. ఎందుకు ఆపలేదో నాకే తెలియదు. గ్లాసు ఖాళీ చేసి, తిరిగి ఫోన్ చేసి, "నిజమేనా అన్నా?" అని అడిగాను.

నిజమే.

సాయంత్రం మట్టి వేసి వచ్చాం.

తప్పుగా అనుకోకండి. తిరిగొస్తుంటే రైల్లో నాకు ఏడుపు కంటే ముందు పెద్ద రిలీఫ్ అనిపించింది. ఎందుకో చెబుతాను.

మన సర్కిల్‌లో నాటకాలు చూడని వాళ్ళ కోసం: ఖాసింబీ అక్క స్టేజి ఆర్టిస్టు. పోటీలకు వెళ్ళే ప్రతి నాటక సమాజంలో మగవాళ్ళు పదిమంది ఉంటారు, ఆడవాళ్ళు ఉండరు. కాబట్టి అందరూ అక్కనే పిలిచేవాళ్ళు. ఒకే రోజు, ఒకే స్టేజి మీద మూడు నాటికలుంటే మూడింట్లోనూ ఆమే. ఒకదాంట్లో భార్య, ఒకదాంట్లో తల్లి, ఇంకోదాంట్లో తెల్లచీర టీచరమ్మ. మధ్యలో చీర మార్చుకోవడానికి పదిహేను నిమిషాలు.

మరి రిహార్సల్స్ ఎక్కడ? రేపల్లె పాసింజర్‌లో.

ఒకసారి కిటికీ పక్కన కూర్చుని ఇద్దరం తల్లీకొడుకుల గొడవ సీను గట్టిగా చెప్పుకుంటున్నాం. వేమూరు దగ్గర ఎదురు సీటు పెద్దాయన లేచి నా భుజం పట్టుకున్నాడు.

"ఏమయ్యా, కన్నతల్లిని పట్టుకుని అన్నేసి మాటలంటావా? సిగ్గులేదూ?"

అక్క వెంటనే కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకుంది. "మీరైనా చెప్పండి బాబాయ్‌గారూ, ఇంట్లోనూ ఇంతేనండి వీడు."

రేపల్లె వచ్చేదాకా బోగీ బోగీ అంతా నన్ను తిట్టింది.

నేను అప్పట్లో మహా సీరియస్. టీవీ సీరియళ్ళు చెత్త, సినిమా పాటలు గోల, నాటకం ఒక్కటే కళ అని దొరికిన వాడికల్లా లెక్చర్లు ఇచ్చేవాణ్ణి. అక్క రింగ్‌టోన్ ఏమో మాస్ పాట. గ్రీన్‌రూమ్‌లో అది మోగితే నాకు ఒళ్ళు మండేది. ఇక సీరియల్ మిస్సయితే ఆమెకు అన్నం సహించేది కాదు.

"సీరియల్లో ఆవిడ కన్నెర్రజేస్తే మూడుసార్లు చూపిస్తారు, వెనకాల డబడబా మ్యూజిక్కు. మనకి ఒక్కసారే ఛాన్సు. అదీ చివరి కుర్చీలో వాడిక్కూడా కనపడాలి. వాళ్ళు మూడుసార్లు చేసేది నేను ఒక్కసారిలో ఎట్టా చెయ్యాలా అని చూస్తన్నా," అనేది.

నటన మీద నేను చదివిన ఏ పుస్తకమూ ఇంత సూటిగా చెప్పలేదు. అప్పుడు నా బుర్రకి ఎక్కలేదు.

తర్వాత తెనాలి పోటీలు. నేను రాసి, డైరెక్ట్ చేసిన మొదటి నాటిక. నేను కొడుకు, అక్క తల్లి. పరీక్ష తప్పి, పాసయ్యానని అబద్ధం చెప్పడానికి ఇంట్లోకి వస్తాను. తల్లి "రిజల్ట్స్ వచ్చాయా నాన్నా?" అనాలి.

అక్క నన్ను కిందినుంచి పైదాకా చూసి, "మళ్ళీ తాగొచ్చావా?" అంది.

అది అంతకుముందే ఆడిన వేరే నాటికలో మొగుడితో అన్న డైలాగు.

హాల్లో నవ్వులు. నేను బిగుసుకుపోయాను. అక్క ఒక్క క్షణం ఆగి, "తాగలేదుగా? మరి కాళ్ళెందుకు వణుకుతున్నాయి? రిజల్ట్స్ వచ్చాయా?" అని సీనుని మళ్ళీ దారిలోకి లాక్కొచ్చింది. చప్పట్లు కూడా పడ్డాయట. నాకు వినపడలేదు.

గ్రీన్‌రూమ్‌లో అందరి ముందూ అరిచాను. "పిలిచిన ప్రతివాళ్ళకీ ఒప్పుకుంటే ఇలాగే అఘోరిస్తుంది. నీకిది కూలి పనైపోయిందక్కా."

ఆమె సగం మేకప్ తుడుచుకుని, తెల్లచీర కట్టుకుని, మూడో నాటికకు వెళ్ళిపోయింది.

తర్వాత రెండేళ్ళు ఆమెను పిలవలేదు. ఫోన్ కూడా చెయ్యలేదు. అనకూడని మాట అన్నానని మర్నాడే తెలుసు. పౌరుషం అడ్డొచ్చింది. ఆ రెండేళ్ళూ ఆడపాత్రలు లేని నాటికలే రాశాను.

పోయిన నెలలో ఆమె కిడ్నీలు పాడయ్యాయని తెలిసి రేపల్లె వెళ్ళాను. మంచం మీద సగం మనిషి అయిపోయి ఉంది. క్షమించమని అడగబోతే మధ్యలోనే ఆపింది.

"నువ్వన్నది నిజమేరా. పిలిచిన ప్రతివాళ్ళకీ ఒప్పుకున్నా. ఒప్పుకోకపోతే మీకు తల్లి వేషం ఎవరేస్తారు? మీ పదిమందికీ అక్కచెల్లెళ్ళు ఉన్నారుగా. ఒక్కడైనా తీసుకొచ్చాడా?"

మా చెల్లి లావణ్య కాలేజీలో పాడుతుంది, మోనోయాక్షన్ చేస్తుంది. స్టేజి ఎక్కుతానని అడిగితే "నలుగురూ ఏమనుకుంటారు" అని ఆపింది నేనే. కళ, కళ అని ఊరందరికీ క్లాసులు పీకిన నేనే.

తర్వాతి ఆదివారం చెల్లిని వెంటబెట్టుకుని వెళ్ళాను. అక్క దాన్ని మంచం పక్కన నిలబెట్టి నాలుగు డైలాగులు చెప్పించింది.

"గొంతు ఉంది. భయం కూడా ఉంది. రెండూ కావాలి," అంది. తర్వాత నావైపు తిరిగి, "దీన్ని మాత్రం రోజుకి ఒక్క నాటికలోనే వెయ్యనియ్యి," అని నవ్వింది. డయాలసిస్ సూదులకి కమిలిపోయిన చేత్తోనే నా నెత్తిన ఒకటి మొట్టింది.

ఆ మొట్టికాయతో నా గుండెల మీద బరువు దిగిపోయింది.

రిలీఫ్ అన్నది అందుకే. ఆమె నొప్పులు తీరాయి, అదొకటి. అసలు సంగతి, నేను సమయానికి వెళ్ళాను. ఇంకో నెల పౌరుషానికి పోయి ఉంటే నిన్న ఏ మొహం పెట్టుకుని మట్టి వేసేవాణ్ణి?

నిన్న అక్కడికి మూడు సమాజాల వాళ్ళు వచ్చారు. బయటికి రాగానే అందరిదీ ఒకటే బెంగ. వచ్చే పోటీలకు తల్లి వేషం ఎవరేస్తారు?

"మా చెల్లి ఒక్కదాంట్లోనే వేస్తుందన్నా. మిగతావాటికి మీ ఇళ్ళల్లో అడగండి," అన్నాను.

ఇద్దరు మొహం తిప్పుకున్నారు. మూడో ఆయన "మా అమ్మాయిని ఆదివారం పంపితే మీ చెల్లితో పాటు నేర్పిస్తావా?" అని అడిగాడు.

పంపమన్నాను.

హాయిగా పడుకో అక్కా. నాటిక మొదలని మూడో బెల్లు కొట్టినా ఇక నువ్వు లేవక్కర్లేదు. నీకు అంతా ప్రశాంతంగా ఉండాలి.