తలల్లేని చార్మినార్

మా ఇంట్లో హైదరాబాద్ పాత ఫోటో ఒకటుంది. అందులో చార్మినార్‌కు తలల్లేవు. మా అమ్మానాయనలకు మాత్రం పాదాలతో సహా అన్నీ ఉన్నాయి.

మార్కాపురం పలకల గనిలో పని తగ్గిన ఏడాది వాళ్ళిద్దరూ పట్నానికి బేల్దారి పనికి పోయారు. ఒక ఆదివారం చార్మినార్ ముందు ఫోటో దిగారు. ఫోటోలో కాళ్ళు తెగితే అశుభమని మా వైపు గట్టి నమ్మకం. పైగా ఆ రోజు నాయనకు కొత్త చెప్పులు. ఫోటో తీసేవాడు కెమెరా కిందికి వంచేదాకా నాయన ఒప్పుకోలేదట. వంచాడు. మినార్లు పోయాయి.

నాయనది ఇంకో ఫోటో లేదు. ఆధార్ కార్డులు వచ్చేనాటికి ఆయన లేడు.

ఈమధ్య పట్నంలో ఒకాయన పాత ఫోటోల ప్రదర్శన పెడుతున్నానంటే, దీన్ని ఫోన్‌లో పంపాను. మర్నాడే ఫోన్ చేశాడు. చాలా మర్యాదస్తుడు. వెనకున్న రిక్షాలు, గాజుల దుకాణం అద్భుతమన్నాడు.

"మనుషుల్ని మాత్రం నడుము దాకా ఉంచి, కింద తీసేస్తామండీ. అప్పుడు చూపు కట్టడం మీదికి పోతుంది."

ఫోన్ స్పీకర్‌లో ఉంది. కందులు చెరుగుతున్న అమ్మ చేట పక్కన పెట్టింది.

"ఏందిరా, ఎవురి కాళ్ళు తీస్తాడంట?"

"నాయనవి. నీవి కూడా."

"చార్మినార్ కావాలంటే పొయ్యి చూసుకోమను. ఆడనే ఉంటాది గదా. మీ నాయన యాడున్నాడు, పొయ్యి చూసేదానికి?"

"అది కాదు అమ్మగారూ, అది ఊరి గురించిన ప్రదర్శన..." అన్నాడాయన.

"ఆ ఊళ్ళో ఇండ్లు కట్టినోళ్ళం అబ్బయ్యా. ఈ కాళ్ళతోనే అంతస్తులెక్కి ఇటుకలు మోసినాం. కాళ్ళు తీసేసేటట్టయితే ఆ ఇండ్లు గూడా తీసెయ్."

నేను డిగ్రీ చదివినవాణ్ణి కాబట్టి మధ్యేమార్గం వెతికాను. "పోనీ, మోకాళ్ళ దాకా..." అన్నాను. అమ్మ చూసిన చూపుకు ఆ మార్గం మూసుకుపోయింది.

"మొత్తం పెట్టండి, లేకపోతే వద్దు" అని చెప్పేశాను. ఆలోచించి చెబుతానన్నాడు. ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు.

మేం ఆగలేదు. ఫోటో పెద్దది చేయించి, వీధిలోకి కనబడేలా వరండాలో పెడదామని ఫ్రేము కట్టే దుకాణానికి పోయాం. ఫ్రేము అంచు కోసం కింద కొంచెం కోయాలన్నాడు దుకాణమాయన.

"పైన కొయ్యి" అంది అమ్మ, స్టూలు లాక్కుని అతని ఎదురుగా కూర్చుంటూ.

చెప్పులు మొత్తం వచ్చాయి. చార్మినార్ ఇంకొంచెం పోయింది.