దొర సీటు కింద మెత్తని కమాన్లు

తాంబూలం నమిలేవాళ్ల పక్కన నేను ఇప్పటికీ కూర్చోను. ఆ వాసన తగిలితే లేచి అవతలికి పోతాను. పెళ్లిళ్లలో ఎవరైనా ఆకూ వక్కా చేతిలో పెడితే జేబులో వేసుకుంటాను గానీ నోట్లో పెట్టను.

నిజాం కాలంలో, ఎల్లారెడ్డి దగ్గర ఒక దొర చిన్న లారీకి నేను డ్రైవర్ని. ముందు నాకూ దొరకూ సీట్లు, వెనక బస్తాలు వేయడానికి చెక్క తొట్టి. కామారెడ్డి స్టేషన్‌కు వడ్లు, బెల్లం తోలేవాణ్ణి. ఆ బాటను రోడ్డు అనడానికి నోరు రాదు. బండి గుంతలో పడ్డప్పుడల్లా దొర ఎగిరిపడేవాడు, నోట్లోని తాంబూలపు తమ్మ ఆయన తెల్ల షేర్వానీ మీద కారేది. తిట్లు మాత్రం నాకు.

చివరికి విసుగొచ్చి ముందు కమాన్లు మార్చమన్నాడు. ఇరుసు మీద ఒకదాని మీద ఒకటి పేర్చి బిగించిన ఉక్కు పట్టీలే కమాన్లు. కుదుపును అవే మింగాలి. సికింద్రాబాద్ నుంచి రైల్లో పొడవాటి పల్చటి పట్టీలు వచ్చాయి. ఊరి కమ్మరిని వెట్టికి పిలిపించారు. కూలీ లేదు, కాదనడం లేదు. రైతుల నాగళ్లు కొలిమి ముందు కుప్పపడి ఉన్నా ఆయన దొర బండి కిందే దూరాడు, నేనూ దూరాను. విప్పిన పాత మందపు పట్టీలను పక్కన పడేస్తే దొర కర్రతో తట్టి చూశాడు.

"గింత మంచి ఇనుము పారేస్తమార? ఎనుక కమాన్లల్ల ఇరికియ్యి. ఇంకిన్ని బస్తాలెయ్యొచ్చు."

"ఎనుక మస్తు గట్టిగైతది దొరా. ఖాళీ బండి అయితే రాయి లెక్క ఎగురుతది," అన్నాను.

"ఎనుక కూసునేటియి వడ్లే గద. వాటికేం నొప్పి?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నవ్వకపోతే ఊరుకోడు. ఆ తొట్టిలోనే వెట్టికి మనుషులను కూడా తోలిస్తాడని అందరికీ తెలుసు. పట్టీలు ఇరికించి బిగించాం.

కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు నలిపి, యాటను కోశారు. ముందు సీటు ఉయ్యాలలా తయారైంది. దొర కామారెడ్డి దాకా పోయి, షేర్వానీ మీద మరక పడకుండా తిరిగొచ్చి, కనపడ్డవాళ్లందరికీ దాన్ని చూపించాడు.

ఆ వానాకాలమే నా భార్యకు నొప్పులొచ్చాయి. తొలి కాన్పు. బిడ్డ అడ్డం తిరిగిందని, తనవల్ల కాదని, దవాఖానకు తీసుకుపొమ్మని మంత్రసాని చేతులెత్తేసింది. దొర ఉండే గడీకి ఉరికాను. 'నీ బాంచెన్ దొరా' అని కాళ్ల మీద పడ్డాను. తలుచుకుంటే నా నాలుక మీద నాకే రోత.

దొర కాదనలేదు. ధర్మప్రభువు!

"తీస్కపో. గట్లనే నా పీక్‌దాన్ గూడ తీస్కపోయి కళాయి పెట్టించుకురా. ముందల సీట్ల పెట్టు, ఎనుక పెడితే సొట్టలు పడతయి." ఆగి, "మీ ఆడోల్లను ఎనుక కూసుండవెట్టు," అన్నాడు.

పీక్‌దాన్ అంటే ఆయన ఉమ్మే ఇత్తడి పాత్ర. ఎన్నేళ్ల ఉమ్మో అడుగున నల్లగా గడ్డకట్టి కంపు కొడుతోంది. అది నా పక్కన మెత్తగా ఊగుతూ కూర్చుంది. వెనక ఖాళీ తొట్టిలో గడ్డి మీద నా భార్య, ఆమె తల ఒళ్లో పెట్టుకుని మా అవ్వ. నెమ్మదిగా తోలితే ఆలస్యం, ఉరికిస్తే కుదుపు. ప్రతి గుంతకూ నా భార్య అరుపు వినపడేది.

లింగంపేట దాటాక అవ్వ చెక్కను బాదింది. "బండి ఆపు కొడుకా! పిల్ల పాణం పోయేటట్టున్నది. ముందల కూసుండవెట్టు!"

ఆపి, భార్యను ఎత్తుకొచ్చాను. సీటు మీద కూర్చోబెట్టబోతే ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"వద్దు. దొర సీటు. తెలిస్తే నిన్ను బతకనియ్యడు."

ఎంత చెప్పినా వినలేదు. సీటు ముందు, కింద రేకు మీద ముడుచుకుని కూలబడింది. ఆమె తల పక్కనే, సీటు మీద పీక్‌దాన్. అది పడి సొట్టపోతుందేమోనని ఆ నొప్పుల్లోనే దాన్ని ఒక చేత్తో పట్టుకుంది. నేను దాన్ని లాగి బాట పక్క వాగులోకి విసరబోతే వదలలేదు.

కామారెడ్డి దవాఖానలో ఆమె బతికింది. బిడ్డ దక్కలేదు. ఆడపిల్ల, తలనిండా జుట్టు. దారిలోనే పోయిందని నర్సు చెప్పింది. బజారులో కళాయి పెట్టేవాడు పీక్‌దాన్‌ను తళతళలాడించి ఇచ్చాడు.

తిరిగొచ్చి దాన్ని దొర ముందు పెట్టాను. చుట్టూ తిప్పి చూసుకున్నాడు. సొట్ట లేదు. బిడ్డ సంగతి ఆయనకు అప్పటికే తెలుసు, అడగలేదు.

"కొత్త కమాన్లు మంచిగున్నయార?"

"ముందల కూసున్నోల్లకు మంచిగనే ఉన్నయి దొరా."

మెచ్చుకున్నాననుకుని నవ్వాడు. పీక్‌దాన్‌ను దగ్గరికి లాక్కుని, ఆ కొత్త కళాయి మీద తుపుక్కున ఉమ్మేశాడు.